బోర్డు మీద ఎత్తు, కడుపులో డ్రాప్

మీ ప్రశ్నలు – మా జవాబులు

రోలర్ కోస్టర్ల మీద ఈమధ్య వచ్చిన ఉత్తరాలన్నీ చుట్టూ తిరిగి ఒకే చోట ఆగుతున్నాయి. బోర్డు మీద రాసిన ఎత్తుకీ, ఎక్కినవాళ్ల కడుపుకు తెలిసేదానికీ పొంతన ఎందుకు కుదరదు? ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా ఊరి కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే కోస్టర్ ఉంది. ఎత్తు 325 అడుగులు, డ్రాప్ 320 అడుగులు అంటారు. మిగతా ఐదడుగులు ఎటు పోయాయని మా అబ్బాయి ప్రాణం తీస్తున్నాడు. పెన్సిల్వేనియాలోని కెన్నీవుడ్ పార్కులో ఫాంటమ్స్ రివెంజ్ ఎత్తేమో 160 అడుగులట, డ్రాప్ 232 అడుగులట! ఎక్కినదానికంటే ఎక్కువ ఎలా దిగుతుందండీ?
– షార్లెట్, అమెరికా నుంచి ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి సరైన చోటే పట్టుకున్నాడు. ఎత్తు, డ్రాప్ అనేవి రెండు వేరువేరు కొలతలు. ఎత్తు అంటే పట్టా అత్యున్నత బిందువు నేలకు ఎంత పైన ఉందన్నది. డ్రాప్ అంటే ఒక శిఖరం నుంచి దాని తర్వాత వచ్చే లోయ అడుగు దాకా నిట్టనిలువుగా ఎంత తేడా ఉందన్నది. మొదటిదాంట్లో నేల ఉంది. రెండోదాంట్లో నేల ఊసే లేదు, పట్టాకీ పట్టాకీ మధ్య తేడా ఒక్కటే లెక్క.

ఫ్యూరీ దిగిన చోట పట్టా నేలను రాసుకుంటూ పోదు, కొంచెం పైనుంచి పోతుంది. పట్టా కింద దాన్ని మోసే ఉక్కు దూలం ఉండాలి, దాని కింద పునాది ఉండాలి. మీ ఐదడుగులు అక్కడున్నాయి.

కెన్నీవుడ్ కథ దీనికి తలకిందులు. ఆ పార్కు లోయ అంచున ఉంది. చైను రైలును లాక్కెళ్లేది 160 అడుగులే. మొదటి డ్రాప్ కూడా మామూలుదే. రెండో శిఖరం దాటాక పట్టా లోయలోకి దూకి, పక్కనున్న థండర్‌బోల్ట్ అనే పాత చెక్క కోస్టర్ కట్టడం మధ్యలోంచి దూరిపోతుంది. 232 అడుగులు ఆ రెండో డ్రాప్‌వి. నేలే కిందికి పోయింది కాబట్టి స్తంభాల ఖర్చు లేకుండా లోతు దొరికింది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కుది ఇంకో దారి. అక్కడ చెట్ల తలలు దాటి కట్టడానికి అనుమతి లేదు. పైకి వెళ్లలేక కిందికి తవ్వారు. 1998లో వచ్చిన ఆబ్లివియన్ అనే కోస్టర్ నేల మీద చూస్తే 65 అడుగులే, కానీ గోతిలోకి 180 అడుగులు పడుతుంది.

అందుకని ఎవరైనా ఎత్తు చెబితే ‘ఎక్కణ్నుంచి?’ అని అడగండి. పట్టా శిఖరం కిందున్న నేల నుంచా, స్టేషన్ దగ్గరి నేల నుంచా, పార్కులో అతి పల్లం నుంచా? వాలు నేల మీద ఈ మూడూ మూడు అంకెలు ఇస్తాయి. ప్రచారానికి ఏది పెద్దదైతే అదే బోర్డెక్కుతుంది, అందులో ఆశ్చర్యమేమీ లేదు. శిఖరం మీద జెండా కర్రను కలిపి చెప్పే ఎత్తును మాత్రం లెక్కలోకి తీసుకోకండి. జెండా కర్ర మీద రైలు నడవదు.

కట్టేటప్పుడు ఇంజనీర్లకు ఈ గొడవ లేదు. స్థలంలో కదలని ఒక గుర్తును సున్నా లెవెల్‌గా పెట్టుకుంటారు. పట్టా ముక్కల అతుకులన్నిటికీ ఆ సున్నా నుంచి పొడవు, వెడల్పు, ఎత్తు అంకెలు డ్రాయింగులోనే ఉంటాయి. పునాది బోల్టులు కాంక్రీటులో దిగగానే ఒకసారి, స్తంభం నిలిపాక ఒకసారి, పట్టా బిగించాక ఒకసారి సర్వేయర్లు టోటల్ స్టేషన్‌తో (కోణం, దూరం రెండూ కొలిచే పరికరం) అక్కడ పెట్టిన ప్రిజమ్ అనే గాజు గుర్తును గురిచూసి కొలుస్తారు. తేడా ఉంటే స్తంభం అడుగున పలుచని ఉక్కు పలకలు పెట్టి సరిచేస్తారు. ఏ వేళకు కొలిచారో కూడా రాసుకోవాలి. ఉక్కు ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 94 మీటర్ల కట్టడం తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడాలో మూడు సెంటీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. బోర్డుకు అది లెక్కలోది కాదు గానీ, అతుకు బోల్టులు రంధ్రాల్లో కూర్చోవాలంటే లెక్కే.

ప్రశ్న: హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ ఎక్కాను. ఆ తరహా కోస్టర్ ఎత్తు 35.5 మీటర్లు, వేగం గంటకు 76 కిలోమీటర్లు అని చదివాను. భౌతికశాస్త్రం సూత్రంలో వేస్తే 95 వస్తోంది. అంకె తప్పా, సూత్రం తప్పా? పనిలో పనిగా, ఆ ఎత్తును నేనే ఫోనుతో కొలవచ్చా?
– ఇబ్రహీంపట్నం నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: రెండూ తప్పు కాదు. మీరు సూత్రంలో వేసిన ఎత్తు తప్పు.

సూత్రం అందరి కోసం మరోసారి: డ్రాప్‌ను మీటర్లలో తీసుకుని 19.62తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు మీటర్లలో వేగం వస్తుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. ఒహాయోలోని సీడార్ పాయింట్ పార్కులో 2000లో వచ్చిన మిలీనియమ్ ఫోర్స్ అనే కోస్టర్ డ్రాప్ 300 అడుగులు, అంటే 91 మీటర్ల చిల్లర. సూత్రం 152 అంటుంది, అసలు వేగం 150. ఫ్యూరీకి సూత్రం 157 అంటుంది, అసలు 153. ఇంత దగ్గరగా వస్తుంది కాబట్టే మీకు అనుమానం వచ్చింది.

ఇప్పుడు రీకాయిల్ సంగతి. అది బూమరాంగ్ తరహా కోస్టర్. రెండు చివర్లా నిలబెట్టిన పట్టా కొమ్ములుంటాయి. రైలును వెనక్కి లాగి ఒక కొమ్ము మీదికి ఎక్కించి వదిలేస్తారు. 35.5 మీటర్లు పట్టా కొన ఎత్తు. రైలు ఆ కొనకు ఆనుకుని ఆగదు, పైన కొంత పట్టా ఖాళీగా వదలాలి. ఏడు బోగీల్లో చివరిది పైనుంటే మొదటిది ఎంతో కింద వేలాడుతుంటుంది. సూత్రానికి కావలసింది చివరి బోగీ ఎత్తు కాదు, రైలు బరువు నడిమధ్య ఎక్కడుందో ఆ ఎత్తు. కింద స్టేషన్ దగ్గర పట్టా కూడా నేల మీద లేదు, మెట్లెక్కి వెళ్లారు కదా! 76 కిలోమీటర్ల వేగాన్ని వెనక్కి లెక్కేస్తే 22.7 మీటర్లు వస్తుంది. తక్కిన 13 మీటర్లలో ఎక్కువ భాగం ఈ మూడు చోట్లా పోతుంది, చిల్లర రాపిడి తింటుంది.

ఫాంటమ్స్ రివెంజ్‌కి ఇదే సూత్రం ఎదురు తిరుగుతుంది. 232 అడుగులకు 134 రావాలి, కానీ దాని వేగం గంటకు 85 మైళ్లు, అంటే 137. సూత్రం రైలు శిఖరం మీద ఆగి ఉందనుకుంటుంది. రెండో శిఖరం మీద రైలు ఆగి లేదు, అప్పటికే పరుగులో ఉంది.

ఇక కొలవడం. ఫోనులోని గాలి ఒత్తిడి మీటరును నమ్మకండి. మీటరు ఎత్తుకు ఒత్తిడి 12 పాస్కల్స్ తగ్గుతుంది, నిలబడి కొలిస్తే ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒక్కటే వెయ్యి పాస్కల్స్ దాకా తోస్తుంది. అది 80 మీటర్లకు పైబడిన ఎత్తుతో సమానం! జేబులో ఉంటే అంత పడకపోయినా గీత మాత్రం వంకర్లు పోతుంది. పైగా రైడ్ మీద ఫోను చేతిలో పట్టుకోనివ్వరు, పట్టుకోనూకూడదు. జారితే కిందివాళ్ల తల మీద పడుతుంది.

నేల మీద నిలబడి కోణంతో కొలవండి. ఫోనులోని వాలు కొలిచే యాప్ చాలు. కొమ్ము అడుగుకు వెళ్లనివ్వరు కాబట్టి రెండు కోణాల పద్ధతి పట్టండి. ఒకచోట నిలబడి కొనను గురిపెట్టండి, 30 డిగ్రీలు వచ్చిందనుకుందాం. అదే గీత మీద కొమ్ము వైపు నడుస్తూ 45 డిగ్రీలు వచ్చినచోట ఆగండి. నడిచిన దూరం టేపుతో 25 మీటర్లు వచ్చిందనుకుందాం. 30 డిగ్రీల కోటాంజెంట్ 1.732, 45ది 1. తేడా 0.732. 25ను దాంతో భాగిస్తే 34.15. మీ కంటి ఎత్తు ఒకటిన్నర మీటర్లు కలపండి, 35.65 అయింది.

తప్పు జరిగేది మూడు చోట్ల. నడిచే దారి వాలుగా ఉండటం. కొమ్ము దిశ నుంచి పక్కకు జరిగిపోవడం. చేతి వణుకు. పై లెక్కలో దూరం నుంచి తీసిన 30 డిగ్రీల కోణం ఒక్క డిగ్రీ తప్పితే జవాబు మూడు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. కాబట్టి ఫోనును గోడకో స్తంభానికో ఆనించి, ఒక్కో కోణం ఐదుసార్లు తీసి సగటు కట్టండి. అడుగు దాకా దూరం తెలిసే అవకాశం ఉంటే 45 డిగ్రీలు వచ్చేచోట నిలబడి ఒక్క కోణంతో తేల్చేయండి. ఆ పద్ధతిలో తప్పు అతి తక్కువయ్యేది అక్కడే.

ప్రశ్న: మా పదో తరగతి పిల్లలు కాగితం మీద కోస్టర్ గీస్తే, నిలువుగా దింపి అడుగున సున్నాలో నాలుగో వంతు తిప్పేస్తారు. బొమ్మ బాగానే ఉంటుంది. నిజంగా కడితే ఏమవుతుంది?
– విజయవాడ నుంచి ఒక ఫిజిక్స్ మాస్టారు

జవాబు: మాస్టారూ, ఎక్కినవాళ్లు స్పృహ తప్పుతారు.

ఎత్తు కట్టడం కంటే ఆ ఎత్తు నుంచి మనిషిని క్షేమంగా దింపడం కష్టం. 91 మీటర్ల డ్రాప్ అడుగున రైలు వేగం సెకనుకు 42 మీటర్లు. అక్కడ పట్టా వంపు వ్యాసార్థం 30 మీటర్లయితే మన బరువు ఏడింతలు మీద పడుతుంది, అంటే 7 జి. అది 4 జి దాటకూడదంటే వ్యాసార్థం కనీసం 60 మీటర్లుండాలి. ఈ అంకెతో పిల్లలచేత ఇంకో లెక్క చేయించండి. 80 డిగ్రీల వాలు నుంచి 60 మీటర్ల వ్యాసార్థంతో పట్టాను చదును చేయాలంటే ఆ వంపే దాదాపు 50 మీటర్ల ఎత్తు తినేస్తుంది. పైన శిఖరం వంపు ఇంకొంత తింటుంది. 91లో తిన్నగా జారే భాగం ఎంత మిగిలిందో చూడండి. నిజంలో వంపు పైభాగంలో వేగం తక్కువ కాబట్టి అక్కడ వ్యాసార్థం తగ్గించి కొంత ఎత్తు మిగుల్చుకుంటారు. అయినా 300 అడుగుల కోస్టర్ అడుగున అంత పెద్ద బానకడుపు వంపు ఎందుకుంటుందో దీంతో తెలిసిపోతుంది.

ఇక సున్నా సంగతి. తిన్నని పట్టా నుంచి ఒక్కసారిగా వృత్తంలోకి వెళితే బరువు 1 జి నుంచి 4 జికి క్షణంలో ఎగబాకుతుంది. మెడకు ఆ కుదుపు తగులుతుంది. రైలు పట్టాల మలుపుల్లో చేసినట్టే ఇక్కడా వంపును మెల్లగా బిగిస్తూ పోవాలి. అలా బిగుసుకునే గీతను క్లోథాయిడ్ అంటారు. నిలువు చుట్లకైతే ఇది తప్పనిసరి. గుండ్రని చుట్టులో రైలు పైన బొటాబొటీ వేగంతో గట్టెక్కినా అడుగున 6 జి తప్పదు. ఇది మీ పిల్లలు పలకమీద నిరూపించగలరు. 1895లో కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే సరిగ్గా ఈ గుండ్రటి చుట్టే పెట్టి జనం మెడలు పట్టేసేలా చేసింది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రివల్యూషన్‌కి ఆంటోన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ స్టెంగెల్ చుట్టును తలకిందులు చేసిన కన్నీటి బొట్టులా మలిచారు. అడుగున వెడల్పు, పైన ఇరుకు. పైన వేగం తక్కువ కాబట్టి ఇరుకు వంపు సరిపోతుంది.

గరిష్ఠ జి ఎంత అని ఒక్క అంకె చూసి ఊరుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఎంతసేపు అన్నది కూడా అంతే ముఖ్యం. అమెరికా, యూరప్ ప్రమాణాలు రెండూ సమయంతో కలిపే పరిమితి చెబుతాయి: అర సెకను ఓర్చుకోగలిగింది నాలుగు సెకన్లు ఓర్చుకోలేం. వర్జీనియాలోని కింగ్స్ డొమినియన్‌లో 2010లో ఇంటిమిడేటర్ 305 అనే కోస్టర్ తెరిచారు. ఎత్తు 305 అడుగులు, డ్రాప్ 300. దిగీదిగగానే నేలకు దగ్గరగా పెద్ద కుడి మలుపు. ఆ మలుపు పొడవునా బరువు వదలకుండా నొక్కిపెట్టడంతో రక్తం తల నుంచి కిందికి దిగి ఎక్కినవాళ్ల కళ్లు మసకబారాయి. మొదట డ్రాప్ మీదే బ్రేకులు బిగించి వేగం కోశారు. 300 అడుగుల డ్రాప్ కట్టి దానికే బ్రేకు వేయడమంటే బిర్యానీ వండి నీళ్లు పోసినట్టే. 2011 సీజన్‌కు ముందు ఆ మలుపు పట్టా మార్చి వ్యాసార్థం పెంచి, బ్రేకులు తీసేశారు. మార్చాల్సి వచ్చింది ఎత్తును కాదు, అడుగునున్న వంపును. మీ పిల్లలకు ఇది చెప్పండి.

కొండల లెక్క దీనికి అద్దం. శిఖరం మీద సెకనుకు 15 మీటర్ల వేగం, 23 మీటర్ల వ్యాసార్థం అయితే బరువు సున్నా, సీటు మీద తేలుతాం. అదే వ్యాసార్థం 15 చేస్తే ఒళ్లు సీటు నుంచి లేచి తొడల మీది కడ్డీ ఆపుతుంది. ఎయిర్‌టైమ్ అంటూ సంబరపడేది దీనికే.

ప్రశ్న: న్యూజెర్సీలో కింగ్డా కా అనే కోస్టర్‌ను కూల్చేశారు కదా. అది ఒక్కోసారి పైదాకా వెళ్లి వెనక్కి వచ్చేసేది. లెక్క తప్పి కట్టారా?
– ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

జవాబు: లెక్క తప్పలేదు. లెక్కలో మిగులు తక్కువ పెట్టుకున్నారు. 2005లో తెరిచారు, 2025 ఫిబ్రవరి 28న పేలుడుతో కూల్చారు. ఎత్తు 456 అడుగులు, అంటే 139 మీటర్లు. డ్రాప్ 418 అడుగులు. దీనికి చైను లేదు. హైడ్రాలిక్ మోటార్లు కేబుల్‌తో లాగి మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగానికి తెచ్చి వదిలేసేవి. గాలి, రాపిడి లేకపోతే ఆ వేగం 167 మీటర్లు ఎక్కిస్తుంది. ఎక్కాల్సింది 139. ఆ 28 మీటర్ల మిగులులోంచే గాలి అడ్డు, చక్రాల రాపిడి, శిఖరం దాటే వేగం మూడూ తీరాలి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 200 దాటిన చోట అది చాలా మింగుతుంది. ఎదురుగాలి వీచినా, చల్లని ఉదయం చక్రాలు బిగుసుకున్నా, మోటార్ల తోపు కాస్త తగ్గినా రైలు శిఖరం చేరక వెనక్కి జారేది.

మరీ ఎక్కువ తోపు పెడితే సరిపోదా అంటారేమో. అప్పుడు మంచి గాలి రోజున రైలు శిఖరం మీద మరీ వేగంగా పోయి మనుషుల్ని సీట్లోంచి లాగేస్తుంది. అందుకే వెనక్కి జారడాన్ని ప్రమాదంగా కాదు, జరగగలిగే మామూలు సంగతిగానే చూసి కట్టారు. రైలు ముందుకు పోగానే పట్టా మధ్య కిందికి దిగి ఉన్న రాగి మిశ్రమ రెక్కలు పైకి లేస్తాయి. వెనక్కి వచ్చే రైలు అడుగునున్న అయస్కాంతాలు వాటి మీదుగా పోతుంటే వేగం దానంతటదే చస్తుంది. కరెంటు పోయినా ఆ బ్రేకు పోదు.

ప్రశ్న: 200, 300, 400 అడుగులకు వేరువేరు పేర్లుంటాయట?
– కరీంనగర్ నుంచి ఇంటర్ విద్యార్థిని

జవాబు: 200 దాటితే హైపర్, 300 దాటితే గిగా, 400 దాటితే స్ట్రాటా. ఇవి పార్కులూ తయారీదార్లూ ప్రచారానికి పుట్టించిన పేర్లే. వాటి వెనక శాస్త్రమేమీ లేదు. 1989లో సీడార్ పాయింట్‌లోని మాగ్నమ్ అనే కోస్టర్ 205 అడుగులతో మొదటి గీత దాటింది. మీటర్లలో ఆలోచించేవాళ్లకు ఇవి 61, 91, 122. ఒక్క చోట మాత్రం 200 అంకెకు చట్టం బలం ఉంది. అమెరికాలో నేల నుంచి 200 అడుగులు మించే కట్టడానికి విమానయాన శాఖకు ముందే చెప్పాలి, హెచ్చరిక దీపాల బాదరబందీ వస్తుంది. ఆ గీతకు రెండడుగుల కింద ఆగిపోయిన కోస్టర్ కనబడితే కారణం ఊహించవచ్చు.

ప్రశ్న: ముందు సీటా, వెనక సీటా?
– గుంటూరు నుంచి

జవాబు: మొదటి డ్రాప్‌కి వెనక సీటు. రైలు మొత్తం ఒకే వేగంతో పోతుంది. ముందు వరస శిఖరం దాటేటప్పుడు బరువంతా ఇంకా వెనకే ఉంది కాబట్టి రైలు నత్తనడక. చివరి వరస శిఖరం చేరేసరికి సగం రైలు కిందికి వేలాడుతూ లాగుతుంటుంది. అదే శిఖరాన్ని మీరు వేగంగా దాటుతారు, కాబట్టి ఎక్కువ తేలుతారు. ముందు సీటులో గాలీ, కళ్ల ముందు ఖాళీ. వెన్నునొప్పి ఉన్నవాళ్లు మధ్య వరసలు చూసుకోండి.

ప్రశ్న: పొద్దున ఎక్కినప్పటికంటే సాయంత్రం అదే కోస్టర్ వేగంగా అనిపించింది. భ్రమా?
– విశాఖపట్నం నుంచి

జవాబు: భ్రమ కాదు. పొద్దున బేరింగుల్లో గ్రీజు గట్టిగా ఉంటుంది, చక్రాల మీది పాలీయురథేన్ పొర చల్లగా ఉంటుంది. పదిసార్లు తిరిగాక రెండూ వేడెక్కి రాపిడి తగ్గుతుంది. నిండిన రైలు ఖాళీ రైలు కంటే జోరుగా పోతుంది కూడా. గాలి అడ్డు దాదాపు అంతే, బరువు ఎక్కువ కాబట్టి ఆ అడ్డు ప్రభావం తక్కువ.

అందువల్ల డిజైనర్లు ఒకే పట్టాకు రెండు లెక్కలు వేస్తారు. చల్లని ఉదయం, ఖాళీ రైలు, ఎదురుగాలి అనుకుని ప్రతి కొండా దాటుతుందా అని ఒకటి. దాటకపోతే రైలు లోయలో ఊగి ఊగి ఆగిపోతుంది, తాళ్లతో లాగడమో క్రేను తేవడమో చేయాలి. ఎండ కాసే సాయంత్రం, నిండు రైలు, వెనకగాలి అనుకుని లోయల్లో జి పరిమితి దాటుతుందా అని రెండోది. కట్టాక జనాన్ని ఎక్కించే ముందు సీట్లలో నీళ్లు నింపిన బొమ్మల్ని కట్టి, జి కొలిచే మీటర్లు బిగించి తిప్పుతారు. నీళ్లే ఎందుకంటే, బరువు తగ్గించాలంటే బిరడా తీస్తే చాలు.